ఇంటి మనిషిని పోలీసులు తీసుకెళ్లినప్పుడు ఏం చేయాలి: భద్రతా చట్టాల ఎదుట హక్కులను నిలబెట్టుకునే విధానం

ప్రజలను బాంబు పేలుళ్ల నుంచి, మత కల్లోలాల నుంచి, సాయుధ ముఠాల నుంచి కాపాడవలసిన బాధ్యత ప్రభుత్వానిదే. ఆ బాధ్యతను నెరవేర్చడానికి మనిషిని అరెస్టు చేసే అధికారాన్ని, ఇల్లు సోదా చేసే అధికారాన్ని, కొన్ని సందర్భాల్లో నేరం జరగకముందే నిర్బంధించే అధికారాన్ని కూడా మన రాజ్యాంగం ప్రభుత్వానికి ఇచ్చింది. అయితే ఇచ్చిన ప్రతి అధికారానికీ ఒక గడువును, ఒక కాగితాన్ని, బాధ్యత వహించే ఒక అధికారి సంతకాన్ని కూడా జతచేసింది. దేశ భద్రతకూ వ్యక్తి హక్కులకూ మధ్య సమతూకం అని మనం చెప్పుకొనేది ఆ గడువుల్లోనూ ఆ కాగితాల్లోనూ ఉంటుందని, వాటిని అడిగి తీసుకునే కుటుంబం ఉన్నచోటే అది అమలవుతుందని నా నమ్మకం. అందుకే ఈ వ్యాసంలో సిద్ధాంత చర్చకు బదులు, మీ ఇంటి మనిషిని పోలీసులు తీసుకెళ్లిన క్షణం నుంచి మీరు చేయవలసిన పనులను వరుసగా వివరిస్తున్నాను.

హక్కులు అడిగితే దర్యాప్తుకు అడ్డుపడినట్టే అవుతుందన్న మాట తరచుగా వినిపిస్తుంది. దానికి హైదరాబాదు చరిత్రే జవాబు చెబుతుంది. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తర్వాత పాతబస్తీ నుంచి అనేక మంది ముస్లిం యువకులను పోలీసులు పట్టుకుపోయారు. తమను చిత్రహింసలు పెట్టారని వారిలో పలువురు చెప్పారు. వారిపై పెట్టిన కేసులు న్యాయస్థానంలో నిలవలేదు. తర్వాత దర్యాప్తు వేరే దిశకు మళ్లింది. చివరికి 2018 ఏప్రిల్‌లో, విచారణను ఎదుర్కొన్న ఐదుగురినీ ప్రత్యేక కోర్టు నిర్దోషులుగా విడుదల చేసింది. ప్రార్థనకు వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నవారి కుటుంబాలకు న్యాయం దక్కలేదు, అన్యాయంగా జైలుకు వెళ్లిన యువకులకు పోయిన కాలం తిరిగి రాలేదు. పద్ధతి తప్పిన అరెస్టు భద్రతకు కూడా పనికిరాదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ మనకు అక్కరలేదు.

మొదట: ఏ పద్ధతిలో పిలుస్తున్నారో తేల్చుకోండి

2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్ఎస్ఎస్, అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పోలీసులు ఒక మనిషిని పిలవడానికి లేదా తీసుకెళ్లడానికి ఉన్న మార్గాలు వేరువేరు, ఒక్కో మార్గంలో మీకు ఉండే రక్షణలూ వేరువేరు.

సాక్షిగా పిలిస్తే 179వ సెక్షన్ కింద లిఖితపూర్వకమైన ఉత్తర్వు ఇవ్వాలి. మహిళలను, 15 ఏళ్లలోపు బాలురను, 60 ఏళ్లు దాటినవారిని, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టకూడదు, వారి ఇంటివద్దే ప్రశ్నించాలి. నిందితుడిగా అనుమానించినా అరెస్టు అవసరం లేదనుకుంటే 35(3) సెక్షన్ కింద హాజరు నోటీసు ఇస్తారు. స్టేషన్లలోనూ కోర్టుల్లోనూ చాలామంది దీన్ని ఇప్పటికీ 41ఏ నోటీసు అనే పిలుస్తారు. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఆనవాయితీగా చేయకూడదని, ఎందుకు అవసరమైందో కారణాలు రాయాలని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. ఈ నోటీసు అందుకున్నవారు నిర్ణీత తేదీన తప్పక హాజరు కావాలి. భయంతో తప్పించుకు తిరిగితే, అరెస్టు చేయడానికి పోలీసులకు లేని కారణాన్ని మీరే చేతికిచ్చినవారవుతారు.

మూడేళ్ల కంటే తక్కువ శిక్ష పడే నేరంలో, అరవై ఏళ్లు దాటినవారిని గానీ శారీరకంగా అశక్తులైనవారిని గానీ అరెస్టు చేయాలంటే డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి ఉండాలి. మహిళలను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితుల్లో తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి రాతపూర్వకంగా నివేదించి మెజిస్ట్రేటు అనుమతి ముందుగా తీసుకోవాలి.

ఇవి ఏవీ కాకుండా "ఊరికే విచారణకు, గంటలో పంపిస్తాం" అని తీసుకెళ్లడం మన రెండు రాష్ట్రాల్లోనూ అందరికీ తెలిసిన సంగతే. అప్పుడు మీరు మర్యాదగా అడగవలసిన ప్రశ్న ఒకటే: "సార్, నోటీసు ఇస్తున్నారా, అరెస్టు చేస్తున్నారా?" ఆ రెండూ కాదని జవాబు వస్తే, ఆ జవాబునూ అది చెప్పిన సమయాన్నీ వెంటనే కాగితం మీద రాసిపెట్టుకోండి. ఇరవై నాలుగు గంటల గడువు అరెస్టు చేసినట్టు రికార్డులో చూపించిన సమయం నుంచి కాక, మనిషిని అదుపులోకి తీసుకున్న సమయం నుంచే లెక్కించాలని తెలంగాణ హైకోర్టు 2024లో స్పష్టం చేసింది. కాబట్టి మీరు రాసిపెట్టుకున్న ఆ సమయమే తర్వాత కోర్టులో ముఖ్యమైన ఆధారం కావచ్చు.

తలుపు దగ్గర: అడ్డుకోవద్దు, కాగితం అడగండి

వచ్చినవారు నిజంగా పోలీసులేనా అని తెలుసుకునే హక్కు మీకుంది. అరెస్టు చేసే అధికారి తన పేరు స్పష్టంగా కనిపించే గుర్తింపును ధరించాలి. మఫ్టీలో వస్తే గుర్తింపు కార్డు చూపమని అడగండి. అధికారి పేరు, హోదా, స్టేషన్ పేరు, వాహనం నంబరు, సమయం, ఎంతమంది వచ్చారన్నది ఇంట్లో ఒకరు నోట్ చేసుకోవాలి. గొడవకు దిగడం, చొక్కా పట్టుకోవడం, వాహనానికి అడ్డంగా నిలబడడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ప్రభుత్వోద్యోగి విధులకు ఆటంకం కలిగించారన్న కొత్త కేసు మీ మీదా నమోదైతే, లోపలున్న మనిషి కోసం తిరగవలసినవారే లోపలికి వెళ్లవలసి వస్తుంది.

మీ చేతికి రావలసిన మొదటి కాగితం అరెస్టు మెమో. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పదకొండు మార్గదర్శకాలు ఇచ్చినప్పటి నుంచి ఇది తప్పనిసరి. ఇప్పుడది బీఎన్ఎస్ఎస్ 36వ సెక్షన్‌లో చట్టంగానే ఉంది. మెమో తీసుకున్నప్పుడు ఆత్రంగా సంతకం పెట్టకుండా నిదానంగా చదవండి. అందులో అరెస్టు తేదీ, సమయం ఉండాలి. కుటుంబ సభ్యుల్లో ఒకరు గానీ ఆ ప్రాంతంలోని గౌరవనీయులొకరు గానీ సాక్షిగా సంతకం చేయాలి. అరెస్టయిన వ్యక్తి కూడా సంతకం చేయాలి. మనిషిని తెల్లవారుజామున 4 గంటలకు తీసుకెళ్లి, మెమోలో సాయంత్రం 6 గంటలకు ఫలానా బస్టాండు దగ్గర దొరికాడని రాసి ఉంటే, మీ సంతకం కింద "ఈ రోజు ఉదయం 4 గంటలకు మా ఇంటి నుంచి తీసుకెళ్లారు" అని మీ చేతిరాతతో చేర్చండి. అలా రాయనివ్వకపోతే సంతకం చేయకండి. చేయనందుకు కారణాన్ని ఆ రోజే లిఖితపూర్వకంగా ఎస్పీకి గానీ కమిషనర్‌కు గానీ పంపండి. ఖాళీ కాగితం మీద, మీకు చదవడం రాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం అసలే వద్దు.

రెండవది, అరెస్టుకు కారణాలు తెలిపే పత్రం. రాజ్యాంగం 22వ అధికరణం ఈ హక్కును ఇచ్చింది. ఉగ్రవాద, చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధానికి ఉన్న ఉపా (యూఏపీఏ) చట్టం కింద చేసిన అరెస్టులోనూ కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 మేలో తీర్పు చెప్పింది. 2025 నవంబరులో ఈ నియమాన్ని అన్ని నేరాలకూ విస్తరించి, కారణాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని, వెంటనే ఇవ్వలేని పరిస్థితి ఉంటే మౌఖికంగా చెప్పి, రిమాండ్ కోసం మెజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లడానికి కనీసం రెండు గంటల ముందైనా లిఖితపూర్వకంగా అందించాలని చెప్పింది. ముంబైలో కూలికి వెళ్లిన పాలమూరు మనిషికి మరాఠీలో ఇచ్చిన కాగితమైనా, హైదరాబాదులో కట్టడం పనిచేసే ఒడియా కార్మికుడికి తెలుగులో ఇచ్చిన కాగితమైనా ఈ షరతును తీర్చవు. ఏ సెక్షన్ కింద అన్నది ఒక్కటీ రాస్తే సరిపోదు, ఈ మనిషి ఏం చేశాడని అరెస్టు చేస్తున్నారో అందులో ఉండాలి.

ఇల్లు సోదా చేస్తుంటే

ఇంటివారు అక్కడే ఉండి చూడవచ్చు. ఆ ప్రాంతంలో నివసించే ఇద్దరు స్వతంత్ర వ్యక్తులు మధ్యవర్తులుగా ఉండాలి, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా ప్రతిని మీకు ఇవ్వాలి. కొత్త చట్టంలోని 105వ సెక్షన్ ప్రకారం సోదాను, స్వాధీనాన్ని, జాబితా తయారీని ఆడియో వీడియో రూపంలో రికార్డు చేసి ఆలస్యం లేకుండా మెజిస్ట్రేటుకు పంపాలి. రికార్డింగ్ మొదలైందా అని అడగడంలో అవిధేయత ఏమీ లేదు, అది నిజాయతీగా పనిచేసే అధికారికి కూడా రక్షణే.

ఫోన్, ల్యాప్‌టాప్ తీసుకెళితే పంచనామాలో మోడల్, ఐఎంఈఐ నంబరు, స్విచాఫ్ చేసి సీలు వేశారా లేదా అన్నది రాయించండి. పరికరంలోని డేటాకు హ్యాష్ విలువ, అంటే ఆ డేటాకు వేలిముద్ర లాంటి సంఖ్య, నమోదు చేయమని కోరండి. ఆ విలువ ఉంటే తర్వాత ఎవరైనా అందులో కొత్తగా ఏదైనా చేర్చినా, తొలగించినా బయటపడుతుంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కోర్టులో సమర్పించే ధ్రువపత్రంలోనే హ్యాష్ విలువకు స్థానం ఉంది కనుక ఇది మీరు అదనంగా కోరుతున్నది కాదు.

మొదటి రాత్రి: రాతలో అడగండి

ముందుగా న్యాయవాదికి ఫోన్ చేయండి. ఎవరూ తెలియకపోతే 15100 నంబరుకు చేయండి, అది జాతీయ న్యాయ సేవాధికార సంస్థది. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి చట్టం ఇచ్చింది. విచారణ జరుగుతున్నంతసేపూ కాకపోయినా, మధ్యలో తన న్యాయవాదిని కలుసుకునే హక్కు అరెస్టయిన వ్యక్తికి ఉంది.

తర్వాత స్టేషన్‌కు వెళ్లండి, ఒంటరిగా కాక ఇద్దరు వెళ్లండి. "ఇక్కడ లేడు" అని చెబితే అక్కడితో తిరిగి రాకండి. అరెస్టయినవారి వివరాలు చెప్పడానికి ప్రతి జిల్లాలోనూ ప్రతి స్టేషన్‌లోనూ ఏఎస్సై స్థాయికి తగ్గని ఒక అధికారిని నియమించాలని బీఎన్ఎస్ఎస్ 37వ సెక్షన్ చెబుతోంది. ఆ అధికారి ఎవరని అడగండి. అక్కడి నుంచే ఎస్పీకి లేదా పోలీస్ కమిషనర్‌కు ఈమెయిల్‌లోనూ వాట్సాప్‌లోనూ ఒక సమాచారం పంపండి. అందులో కోపం, రాజకీయం, విన్నపాలు ఏవీ అక్కరలేదు. ఇలా ఉంటే చాలు:

"అయ్యా, నా తమ్ముడు ఫలానా, వయస్సు 26 సంవత్సరాలు, ఈ రోజు తెల్లవారుజామున 4 గంటల 10 నిమిషాలకు మా ఇంటినుంచి పోలీసులమని చెప్పిన ఐదుగురు ఫలానా నంబరు గల వాహనంలో తీసుకెళ్లారు. అరెస్టు మెమో గానీ నోటీసు గానీ ఇవ్వలేదు. ఫలానా స్టేషన్‌లో అడిగితే తమవద్ద లేడని చెప్పారు. అతను ఎక్కడున్నదీ, ఏ కేసులో తీసుకెళ్లినదీ తెలియజేయవలసిందిగా, 24 గంటలలోగా మెజిస్ట్రేటు ముందు హాజరుపరచవలసిందిగా కోరుతున్నాను. అతనికి మూర్ఛ వ్యాధి ఉంది, వాడుతున్న మందుల చీటీ జతచేస్తున్నాను."

ఇదే ప్రతిని రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపండి. ఉదయం పోస్టాఫీసు తెరవగానే స్పీడ్ పోస్టులో కూడా వేసి రసీదు దాచుకోండి. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న కుటుంబ సభ్యులు కూడా ఈమెయిల్ పంపవచ్చు, సంతకం చేసిన మనిషి ఏ దేశంలో ఉన్నా సమయం నమోదవుతుంది. స్టేషన్‌కు నోటితో చేసిన పది ఫోన్ల కంటే సమయం ముద్రపడిన ఇలాంటి ఒక్క లేఖకు కోర్టులో విలువ ఎక్కువ. 1980, 90 దశకాల్లో తెలుగు జిల్లాల్లో నక్సలైట్ల పేరుతో యువకులను ఎత్తుకుపోతున్న కాలంలో కె.జి. కన్నబిరాన్, కె. బాలగోపాల్ వంటివారు పౌరహక్కుల ఉద్యమంలో చేసిన పనిలో చాలా భాగం ఇలాంటి కాగితాలను సేకరించడమూ, వాటిని పట్టుకుని న్యాయస్థానాల తలుపు తట్టడమూ. బాలగోపాల్ నక్సలైట్ల హింసను కూడా అంతే గట్టిగా ప్రశ్నించారు. హింసను ఖండించే మనిషే చట్టబద్ధమైన కస్టడీని డిమాండ్ చేయడంలో వైరుధ్యమేమీ లేదని ఆయన జీవితం చూపించింది.

ఎఫ్ఐఆర్ ప్రతిని 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలన్నది 2016 నాటి సుప్రీంకోర్టు ఆదేశం. ఉగ్రవాదం, తిరుగుబాటు, లైంగిక నేరాల వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది. మినహాయింపు పేరుతో ఇవ్వకపోతే ఎస్పీకి లేదా కమిషనర్‌కు దరఖాస్తు చేసుకోండి. ముగ్గురు అధికారుల సంఘం మూడు రోజుల్లో దానిపై నిర్ణయం తీసుకోవాలి.

మెజిస్ట్రేటు ముందు: మాట్లాడవలసిన ఐదు నిమిషాలు

ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఆ సమయానికి మీరూ మీ న్యాయవాదీ అక్కడ ఉండాలి. అర్ధరాత్రి అయితే మెజిస్ట్రేటు నివాసానికి తీసుకెళతారు, కనుక ఏ మెజిస్ట్రేటు, ఎక్కడ అన్నది ముందే కనుక్కోండి. పోలీసు కస్టడీకి ఇవ్వాలంటే మనిషిని స్వయంగా మెజిస్ట్రేటు ఎదుట నిలబెట్టాలి, వీడియోలో చూపిస్తే కుదరదు.

మన దగ్గర అన్యాయం ఎక్కువగా జరిగేది ఈ చోటే అని చెప్పక తప్పదు. రద్దీలో, కస్టడీ కోరుతూ పోలీసులు ఇచ్చే రిమాండ్ రిపోర్టు మీద సంతకం నిమిషాల్లో పడిపోతుంది. లోపల దెబ్బలు తిన్న మనిషి, పక్కనే పోలీసులు నిలబడి ఉండగా మెజిస్ట్రేటు "ఏమైనా చెప్పుకునేదుందా?" అని అడిగితే "లేదు" అంటాడు. ఆ "లేదు" తర్వాత చేసే ప్రతి ఫిర్యాదునూ బలహీనం చేస్తుంది. అందుకే వీలైతే హాజరుపరచడానికి ముందే న్యాయవాది అతనితో మాట్లాడి నాలుగు విషయాలు చెప్పేలా ధైర్యం ఇవ్వాలి: తనను ఎప్పుడు, ఎక్కడినుంచి తీసుకెళ్లారు, కొట్టారా లేదా, కారణాలు రాసి ఇచ్చారా, ఇంటివారికి తెలియజేశారా. దెబ్బలుంటే చొక్కా తీసి చూపించాలి, వైద్య పరీక్ష కోరాలి. అరెస్టు చేసిన వెంటనే వైద్య పరీక్ష జరిపి దాని ప్రతిని ఆ వ్యక్తికి లేదా అతను సూచించినవారికి ఇవ్వాలని బీఎన్ఎస్ఎస్ 53వ సెక్షన్ చెబుతోంది. కస్టడీలో ఉన్నంతకాలం 48 గంటలకొకసారి పరీక్ష జరగాలన్నది డి.కె. బసు తీర్పు. పోలీసుల దగ్గర చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని, ఇష్టంలేకుండా నార్కో పరీక్ష, లై డిటెక్టర్ పరీక్ష చేయకూడదని (ఇది 2010 నాటి సుప్రీంకోర్టు తీర్పు) అతనికి తెలిసి ఉండడం చాలా అవసరం.

రిమాండ్ రిపోర్టు ప్రతిని అదే రోజు తీసుకోండి. బెయిలు వాదన మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది.

క్యాలెండర్‌లో తేదీలు గుర్తుపెట్టండి

మొదటి రిమాండ్ తేదీని కూడా కలుపుకొని లెక్కించండి. మరణశిక్ష, యావజ్జీవం, లేదా పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో 90 రోజులు, మిగతా వాటిలో 60 రోజులు దాటినా చార్జిషీటు వేయకపోతే బెయిలు అడగడం హక్కు అవుతుంది. అయితే ఆ హక్కు దానంతటదే అమలు కాదు. గడువు దాటిన తర్వాత, చార్జిషీటు దాఖలు కాకముందే దరఖాస్తు చేయాలి. ఒక్క రోజు ఆలస్యమైనా, ఈలోగా చార్జిషీటు వచ్చేస్తే ఆ అవకాశం పోతుంది.

ఉపా చట్టం కింద కేసయితే లెక్క మారుతుంది. పబ్లిక్ ప్రాసిక్యూటర్ నివేదిక మీద కోర్టు అనుమతిస్తే 90 రోజుల గడువు 180 రోజుల వరకు పెరుగుతుంది. ముందస్తు బెయిలు లేదు. ఆరోపణలు ప్రాథమికంగా నిజమని నమ్మడానికి సహేతుకమైన కారణాలున్నాయని కోర్టు భావిస్తే మామూలు బెయిలూ దొరకదు. సమతూకం భద్రత వైపు బాగా ఒరిగిపోయిన చట్టమిది. విచారణే ఏళ్లపాటు మొదలుకాని దేశంలో బెయిలు లేకపోవడమంటే తీర్పు లేకుండానే శిక్ష అనుభవించడం. విచారణ త్వరగా పూర్తయ్యే అవకాశం లేనప్పుడు, మనిషి చాలాకాలంగా జైల్లోనే ఉన్నప్పుడు, ఈ చట్టంలోని ఆంక్షలున్నా రాజ్యాంగ న్యాయస్థానాలు బెయిలు ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో చెప్పింది. కాబట్టి ఎన్ని వాయిదాలు పడ్డాయి, ఎవరివల్ల పడ్డాయి, ఎంతమంది సాక్షులున్నారు, ఎంతమందిని విచారించారు అన్న పట్టికను మొదటి రోజు నుంచీ తయారుచేసుకుంటూ రండి. గడువు పొడిగింపు దరఖాస్తు విచారణకు వచ్చిన రోజున నిందితుడు హాజరై ఉండేలా, దాన్ని వ్యతిరేకించేలా చూడండి. ప్రత్యేక కోర్టు బెయిలు నిరాకరిస్తే ఎన్ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) చట్టం కింద హైకోర్టుకు అప్పీలు చేసుకోవడానికి గడువు 30 రోజులు.

పీడీ యాక్ట్ పెడితే

కేసుల్లో బెయిలు వచ్చి మనిషి జైలు గేటు దాటబోతుండగా పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) ఉత్తర్వు చేతిలో పెట్టడం మన దగ్గర చాలా కుటుంబాలు చూసినదే. ఇది నేరానికి శిక్ష కాదు, రేపు ఏదో చేస్తాడన్న అనుమానంతో ముందుగానే నిర్బంధించడం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో వచ్చిన ఈ చట్టం సారా వ్యాపారులు, దోపిడీ దొంగలు, గూండాలు, మాదకద్రవ్య నేరగాళ్లు, భూకబ్జాదారులు వంటివారి కోసం చేసినది. తెలంగాణ 2018లో దీన్ని సవరించి నకిలీ విత్తనాలు, సైబర్ నేరాలు, ఆర్థిక నేరాల దాకా విస్తరించింది. ఏడాది వరకు జైల్లో ఉంచవచ్చు. 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్న నియమం వర్తించదు, నిర్బంధం సరైనదా అని పరిశీలించే సలహా మండలి ముందు న్యాయవాదిని పెట్టుకునే హక్కు లేదు. ఇంత కఠినమైన అధికారం కనుకనే దీనిలోని ప్రతి గడువునూ న్యాయస్థానాలు అక్షరం పొల్లుపోకుండా అమలు చేయిస్తాయి, ఒక్కటి తప్పినా ఉత్తర్వు నిలవకపోవచ్చు.

మీరు చూసుకోవలసిన గడువులివి. నిర్బంధించిన రోజు నుంచి 5 రోజుల్లో కారణాలు తెలియజేయాలి. కమిషనర్ లేదా కలెక్టర్ ఇచ్చిన ఉత్తర్వును 12 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించాలి. 3 వారాల్లో సలహా మండలికి పంపాలి. మండలి నిర్బంధించిన రోజు నుంచి 7 వారాల్లో నివేదిక ఇవ్వాలి. ఒక కాగితం మీద ఈ నాలుగు తేదీలనూ, పక్కన నిజంగా జరిగిన తేదీలనూ రాసుకోండి.

కారణాలతోపాటు వాటికి ఆధారమైన పత్రాలన్నీ ఇవ్వాలి, నిర్బంధితుడికి తెలిసిన భాషలో ఇవ్వాలి. ఉర్దూ మాత్రమే వచ్చిన మనిషికి వందల పేజీల ఇంగ్లీషు కట్ట ఇచ్చి సంతకం తీసుకుంటే అది ఇచ్చినట్టు కాదు. బెయిలు ఉత్తర్వులను నిర్బంధ అధికారి ముందు పెట్టారా, బెయిలు షరతులను పరిశీలించారా అన్నది కట్టలో తప్పక వెతకండి.

ఆ తర్వాత వినతిపత్రం వేయండి. ప్రభుత్వానికి ఒకటి, సలహా మండలికి ఒకటి, నిర్బంధ ఉత్తర్వు ఇచ్చిన అధికారికి ఒకటి, జైలు సూపరింటెండెంటు ద్వారా పంపి ప్రతిదానికీ రసీదు తీసుకోండి. దానిలో ప్రధానంగా ఎత్తవలసిన వాదన శాంతిభద్రతల సమస్యకూ ప్రజా వ్యవస్థకు కలిగే భంగానికీ ఉన్న తేడా. ఇద్దరి మధ్య గొడవ, ఒకరిని మోసం చేయడం శాంతిభద్రతల సమస్యలు, వాటికి మామూలు చట్టం చాలు. సమాజం మొత్తం భయంతో స్తంభించే పని అయితేనే ప్రజా వ్యవస్థకు భంగం. సుప్రీంకోర్టు 1965లోనే దీన్ని ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు వలయాలుగా వివరించింది: బయటిది శాంతిభద్రతలు, దానిలోపల ప్రజా వ్యవస్థ, అన్నిటికంటే లోపల రాజ్య భద్రత. 2021లో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో, షేర్ల పేరుతో మోసం చేశాడన్న ఐదు కేసుల్లో బెయిలు పొందిన వ్యక్తిని ఈ చట్టం కింద నిర్బంధించడం చెల్లదని ఆ కోర్టు కొట్టివేసింది. బెయిలు నచ్చకపోతే దాని రద్దు కోరాలి తప్ప పీడీ యాక్ట్ ప్రయోగించకూడదని అంది. 2023 సెప్టెంబరులో మరో తెలంగాణ కేసులో, ముందస్తు నిర్బంధాన్ని ఇలా యాంత్రికంగా వాడడాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. సలహా మండలి ముద్ర వేయడానికి మాత్రమే కాదని 2024 మార్చిలో ఇంకోసారి చెప్పింది. మూడేళ్లలో మూడుసార్లు దేశ అత్యున్నత న్యాయస్థానం ఒకే రాష్ట్రానికి ఒకే విషయం చెప్పవలసి రావడం మనమందరం సిగ్గుపడవలసిన సంగతి.

మనిషి ఆచూకీ తెలియకపోతే

24 గంటలు దాటినా ఎక్కడున్నాడో తెలియకపోతే ఇంకా వేచి ఉండవద్దు. రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్, వేయవచ్చు. తెలంగాణవారికి హైదరాబాదులో, ఆంధ్రప్రదేశ్‌వారికి అమరావతిలో హైకోర్టులున్నాయి. భార్య, తల్లిదండ్రులే కాదు, మిత్రుడైనా వేయవచ్చు. మీరు మొదటి రాత్రి పంపిన లేఖలు, స్టేషన్‌కు వెళ్లిన సమయాలు, ఇరుగుపొరుగువారి వాంగ్మూలాలు, వీధిలోని దుకాణాల సీసీటీవీ దృశ్యాలు దీనికి ఆధారాలు. దుకాణాల కెమెరాల్లో పాత దృశ్యాలు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతాయి కాబట్టి మరుసటి రోజే వెళ్లి కాపీ తీసుకోండి.

ఈ ఒక్క పరిహారాన్ని కూడా ఒకప్పుడు పోగొట్టుకున్న దేశం మనది. ఎమర్జెన్సీలో, 1976 ఏప్రిల్ 28న, నిర్బంధితులు హైకోర్టును ఆశ్రయించే హక్కే లేదని సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు తీర్పు చెప్పారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు, తర్వాత ఆయనను దాటవేసి జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. 1978లో 44వ సవరణతో, అత్యవసర పరిస్థితిలో కూడా జీవించే హక్కును, వ్యక్తిగత స్వేచ్ఛను ఇచ్చే 21వ అధికరణాన్ని నిలిపివేయడానికి వీల్లేకుండా చేశారు. 2017 ఆగస్టులో గోప్యతా హక్కు కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పాత తీర్పును తోసిపుచ్చింది. కాబట్టి, "ఇది దేశ భద్రత కేసు, హైకోర్టుకు వెళ్లినా లాభం లేదు" అని స్టేషన్‌లో ఎవరైనా అంటే నమ్మకండి.

విడుదలైన తర్వాత

చాలా కుటుంబాలు మనిషి ఇంటికి రాగానే అన్నీ మరిచిపోవాలనుకుంటాయి, అది సహజమే. అయినా చట్టవిరుద్ధంగా నిర్బంధించి ఉంటే, కొట్టి ఉంటే కొన్ని పనులు గడువులోగా చేయాలి. అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో చూపించి గాయాల వివరాలు రాయించండి. స్టేషన్ సీసీటీవీ దృశ్యాలను భద్రపరచమని లిఖితపూర్వకంగా కోరండి. స్టేషన్ల లోపలా బయటా కెమెరాలు పెట్టి దృశ్యాలను 18 నెలలు, అది వీలుకాకపోతే కనీసం ఏడాది నిలవ ఉంచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. మానవ హక్కుల కమిషన్‌కు ఘటన జరిగిన ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి, ఆ తర్వాత వచ్చినవాటిని కమిషన్ విచారించదు. కస్టడీ హింసకు నష్టపరిహారం కోరుతూ హైకోర్టులో రిట్ వేయవచ్చు. 1993లో ఒక కస్టడీ మరణం కేసులో, ప్రభుత్వం పరిహారం చెల్లించవలసిందేనని సుప్రీంకోర్టు స్థిరపరిచింది.

ఫిర్యాదులో తప్పు చేసిన అధికారిని పేరుతో, సమయంతో, స్థలంతో సహా పేర్కొనండి, పోలీసు వ్యవస్థ మొత్తాన్ని నిందిస్తూ రాయకండి. ఆ స్టేషన్‌లోనే నియమం ప్రకారం మీకు మెమో ఇచ్చిన, ఇంటికి ఫోన్ చేసి చెప్పిన ఎస్సై ఉంటే ఆ మాట కూడా రాయండి. విచారణాధికారి రికార్డుల్లో మొదట సరిపోల్చి చూసేది ఆ వివరాన్నే. చివరగా, అరెస్టు మెమో, కారణాల పత్రం, రిమాండ్ రిపోర్టు, వైద్య నివేదికలు, పంపిన లేఖలు, రసీదులు అన్నింటినీ తేదీల వరుసలో పెట్టి రెండు ప్రతులు తీసి, ఒకటి న్యాయవాది దగ్గర, ఇంకొకటి వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర ఉంచండి. మళ్లీ సోదా జరిగి ఇంట్లోని కాగితాలు పోయినా అవి మీకు మిగులుతాయి.